అంగిలి

జూన్ 3

పేచీకి అత్త ఆశీస్సులు.

టీ ఫ్యాక్టరీ బాధ్యత నీ చేతికి వచ్చిందని రాసిన ఉత్తరం అందింది. చదివి, లేచి, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగి, మళ్ళీ కూర్చుని మళ్ళీ చదివాను. సంతోషం కలిగితే కుదురుగా కూర్చోలేకపోవడం మన ఇంటి జబ్బు. మీ నాన్నకూ ఉంది. వాడైతే ఆ ఊపులో పక్కింటి వాళ్ళకు కూడా చెప్పి వస్తాడు.

ఈ ఒక్క సీజను చూసి, నీ టీ వేలంలో నిలబడితే నిన్ను ఉంచుతాననీ, లేకపోతే పాత ఇంజనీరునే మళ్ళీ కూర్చోబెడతాననీ మీ యజమాని అన్నాడని రాశావు. అందులో అవమానపడవలసినది ఏమీ లేదు. టీ వేలం వేసే ఈ బ్రోకరు కంపెనీలో చేర్చుకున్నప్పుడు నాకు అంతకంటే తక్కువ గడువే ఇచ్చారు. ఆడది టీ రుచి చూసి ధర కట్టడమేమిటని నవ్విన పెద్దమనుషులందరూ ఒకరి తరువాత ఒకరు రిటైరై వెళ్ళిపోయారు. నా కుర్చీ మాత్రం బల్ల మొదట్లో అక్కడే ఉంది.

ఇక నువ్వు ఉత్తరంతోపాటు పంపిన పొట్లం. దాన్ని విప్పకుండానే తిప్పి పంపుతున్నాను. ముఖం మాడ్చుకోకు. మా దగ్గరికి వచ్చే ఏ శాంపిలు మీదనైనా నంబరు తప్ప మరేమీ ఉండదు. పొడుగాటి బల్ల మీద కప్పులు వరుసగా పేరుస్తారు. ఒక్కొక్క కప్పులో నాణెం ఎత్తు టీ ఆకు, దాని మీద సలసల కాగే నీళ్ళు, ఆ పైన మూత. గంట మోగగానే డికాషన్‌ను గిన్నెలోకి వంపి, నానిన ఆకును తిరగేసిన మూత మీద పెడతారు. అప్పుడు నేను బల్ల వెంట నడుస్తాను. ఎండు ఆకు చూస్తాను, తడి ఆకు వాసన చూస్తాను, చెంచాతో డికాషన్ తీసి, మర్యాదస్తులెవరూ చెయ్యని చప్పుడుతో జుర్రున పీలుస్తాను. అది గాలితో కలిసి నోరంతా చిమ్మాలి. ఒక్క క్షణం. తొట్టిలో ఉమ్మి, నా మాట చెప్పి, తరువాతి కప్పుకు జరుగుతాను. ఆ టీ ఏ తోటదో, దాని వెనక ఎవరి నిద్రలేని కళ్ళున్నాయో నాకు తెలియదు. తెలియకూడదు. మేనకోడలి పొట్లం ఇంట్లో కాచుకు తాగి, మర్నాడు బల్ల దగ్గర దాన్ని గుర్తుపట్టనట్టు నటించడం నా వల్ల కాదు.

ఒక మంచి మాట చెబుతాను. ఈ ఏడు వస్తున్న టీలన్నీ చప్పగా ఉన్నాయి. ఏ తోట ఆకులోనూ ప్రాణం లేదు. ఆకు వాడబెట్టే దగ్గర నుంచీ అందరూ బద్ధకిస్తున్నారని నా అనుమానం. కాబట్టి ఒళ్ళు వంచి చేసేవాళ్ళకు ఇదే అదను. నా పక్కన కూర్చునే టేస్టరు ఉన్నాడే, నా తరువాత ఆ కుర్చీ తనదేనని ఎదురుచూస్తున్నవాడు, నేను కళ్ళజోడు అని పిలిచేవాడు, వాడు ఈ మాట ఒప్పుకోడు. ఒప్పుకోనని నోటితో అనడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటాడు.

నాకు ఫోను చెయ్యకు. ఈ మధ్య ఫోనులో మాట్లాడడం నాకు పడడం లేదు. కిటికీ కింద వీధంతా గొట్టాల కోసం తవ్వి పోశారు, ఆ రొదలో మనిషి మాట మనిషికి వినపడదు. ఉత్తరమే రాయి.

మీ
అత్త


జూన్ 19

అత్తయ్యా,

నమస్కారం పెట్టాలో పోట్లాటకి దిగాలో తెలియకుండా మొదలుపెడుతున్నాను.

మీ కంపెనీ రిపోర్టు నిన్న వచ్చింది. నా మొదటి లాటు. కింద నీ సంతకం. ‘చప్ప. ప్రాణం లేదు. కింది గ్రేడు ధర.’ అంతే. మూడు మాటల్లో నా పని ముగించావు.

ఆ లాటు ఎలా చేశానో నీకు తెలియదు కదా, అందుకే చెబుతున్నాను. ఆకు వాడబెట్టే అటకమీద నేనే తిరిగాను, ఎక్కడ దొంతర మందంగా ఉంటే అక్కడ చేత్తో విడదీశాను. రోలర్లు వదులుగా తిప్పించాను, ఆకు నలగాలి గానీ చితకకూడదని. నలిగిన ఆకు పళ్ళాల్లో పరిచాక అది ఆకుపచ్చ నుంచి రాగి రంగుకి తిరుగుతుంటే, ఆ వాసన మారే క్షణం పోతుందేమోనని టిఫిను కూడా అక్కడే తిన్నాను. మా మేస్త్రీ అయితే, ‘అమ్మగారూ, ఆకుకి పెళ్ళిచూపులు ఏమన్నా ఉన్నాయా, ఇంతసేపు సింగారిస్తున్నారు’ అన్నాడు. తాగిన వాళ్ళందరూ బాగుందన్నారు. మా యజమాని కూడా, ఆయన తన పాత ఇంజనీర్ని తప్ప ఎవర్నీ మెచ్చుకోడు.

ఇప్పుడు రిపోర్టు ఆయన బల్లమీద ఉంది. ‘మీ అత్తగారే అన్నారు కదమ్మా’ అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అంటే బాగుండేది.

ఆ ధరకి అమ్మడం ఇష్టంలేక లాటు మొత్తం వేలానికి పెట్టకుండా గోదాములో ఉంచేశాను. నిజం చెప్పు. నంబరు నీకు తెలిసిపోయిందా? మేనకోడలని నలుగురూ అనుకుంటారని కావాలని కిందికి తోశావా? చిన్నప్పుడు పరుగుపందెంలో అందరి పిల్లలకీ చప్పట్లు కొట్టి నేను వచ్చేసరికి చేతులు కట్టుకునేదానివి. అది గుర్తొచ్చి అడుగుతున్నాను.

నీ పేచీ


జూన్ 26

పేచీకి ఆశీస్సులు.

నంబరు నాకు తెలియదు. తెలిసినా అదే రాసేదాన్ని. ఈ రెండు వాక్యాలనూ కలిపి చదువు, విడదీసి ఏడవకు.

నేను చేతులు కట్టుకున్నది నువ్వు మలుపు దగ్గర గీత లోపలికి అడుగు వేసి దగ్గరిదారి పట్టావు కనుక. అది నువ్వు మరచిపోయావు. నేను మరవలేదు.

చప్ప అన్నానంటే చప్పే. దానికి మందు కూడా చెబుతాను. నువ్వు ఆకుకు అతిగా సింగారం చేశావని నీ మేస్త్రీ అన్నాడు చూడు, అతనే కారణం పట్టుకున్నాడు. పళ్ళాల్లో ఎక్కువసేపు ఉంటే ఆకు మెత్తబడి, రంగు వస్తుంది గానీ చురుకు పోతుంది. టీ అనేది నోట్లో పోసుకోగానే అంగిలిని గిల్లాలి. గిల్లనిది టీ కాదు, రంగునీళ్ళు. పళ్ళాల్లో ఉంచే సమయం తగ్గించు. రోలర్లు బిగించు. ఆకును బెదిరించు కొంచెం.

ఇది నీ అత్త చెప్పే మాట కాదు. ఏ ఫ్యాక్టరీ అడిగినా ఇదే చెబుతాను.

మొన్న మీ నాన్న చెప్పాపెట్టకుండా వచ్చాడు. నేను తలుపు పూర్తిగా తీసేలోపే, లోపల ఎవరో దాక్కున్నట్టు గదిగదీ చూస్తూ వచ్చేశాడు. వంటగది ఇరుకుగా ఉందన్నాడు, మెట్లు నిటారుగా ఉన్నాయన్నాడు, మంచం పక్కన సాసరు మూతపెట్టిన గాజుగ్లాసు చూసి అదేమిటన్నాడు. మూత తియ్యబోతే చెయ్యి మీద ఒకటి వేశాను. ఈ వయసులో అక్క చేతి దెబ్బ తిన్నవాణ్ణి నేనొక్కణ్ణే అయి ఉంటానని నవ్వుకుంటూ వెళ్ళాడు. ఒంటరిగా ఉన్న ఆడదాని ఇంట్లో ప్రతి గ్లాసుకూ సంజాయిషీ ఉండాలని మగవాళ్ళు ఎందుకనుకుంటారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వీధి ఇంకా పూడ్చలేదు. చెక్కపలక మీద నడిచి ఆఫీసుకు పోతున్నాను. కళ్ళజోడు చెయ్యి అందించబోయాడు. వద్దన్నాను.

అత్త


జూలై 15

అత్తయ్యా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పళ్ళాల సమయం తగ్గించాను. రోలర్లు బిగించాను. మేస్త్రీ అయిష్టంగానే బిగించాడు. ‘ఇదేంటమ్మా, పచ్చి వాసనమీదే డ్రయ్యర్లో వేసేస్తున్నాం’ అన్నాడు. మా అత్త కంటే నీకు ఎక్కువ తెలుసా అన్నాను. పాపం, నోరు మూసుకున్నాడు.

నాకైతే ఆ టీ తాగితే చిగుళ్ళు పట్టుకున్నట్టుంది. కానీ నా నోటిని నమ్మితేనే కదా మొదటి లాటు అలా అయింది. ఈసారి నీ నోటిని నమ్ముకున్నాను. శాంపిలు మీకు వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచీ నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. జల్లెడ దగ్గర కాసేపు, డ్రయ్యరు దగ్గర కాసేపు, గేటు దగ్గర కాసేపు. కాపలావాడు నన్ను చూసి లేచి నిలబడీ కూర్చునీ విసిగిపోయాడు.

అది సరే. నాన్న ఉత్తరం రాశాడు. నువ్వు సన్నబడ్డావట. గట్టి పదార్థాలేవీ ముట్టుకోవడం లేదట. మాట కూడా ఆగి ఆగి వస్తోందట. మంచం పక్కన ఏదో మందు కలిపి మూతపెట్టుకుంటున్నావట, అడిగితే కొట్టావట. అత్తయ్యా, ఏం జబ్బు? నాన్నకి చెప్పకపోతే పోనీ, నాకు చెప్పు.

ఇక్కడ నాకు ఇచ్చిన ఇంట్లో రెండు గదులు ఖాళీగా ఉన్నాయి. ఒక గదికి తూర్పు కిటికీ ఉంది, నువ్వు పొద్దున్నే పేపరు చదువుకోవచ్చు. కుర్చీ, ఉద్యోగం ఎన్నాళ్ళని? వచ్చి నా దగ్గర ఉండు.

నీ పేచీ


జూలై 22

పేచీకి,

నాకు ఏ జబ్బూ లేదు. మీ నాన్న చిన్నప్పటి నుంచీ ఇంతే, పిల్లి దగ్గితే ఇంటిల్లిపాదికీ క్షయ అని తేల్చేవాడు.

‘కుర్చీ, ఉద్యోగం ఎన్నాళ్ళని’ అన్న వాక్యాన్ని నేను పలుమార్లు చదివాను. మా డైరెక్టరు కూడా ఈ నెలలో సరిగ్గా ఇదే మాట, ఇంతకంటే మెత్తగా అన్నాడు. మీ ఇద్దరికీ పరిచయం లేదని నాకు తెలుసు. అయినా ఒకే వైపు నుంచి రెండు చేతులు నన్ను కుర్చీలో నుంచి లేపుతున్నట్టుంది. తూర్పు కిటికీ ఉన్న గది ఎవరికైనా అద్దెకు ఇచ్చుకో. నేను ఒకరి ఇంట్లో గది అడిగి ఎరగను. ఒకరు జాలిపడి ఇస్తే తీసుకోవడం అసలే చేతకాదు.

పని సంగతి. నిన్నటి వరుసలో, ఇన్ని వారాల తరువాత, ఒక కప్పు నన్ను నిటారుగా నిలబెట్టింది. ఎవరిదో తెలియదు. నోట్లో పడగానే హమ్మయ్య, ఈ ఏడు టీ చేసేవాళ్ళు ఇంకా ఒకరున్నారు అనుకున్నాను. పై గ్రేడు ధర చెప్పాను. కళ్ళజోడు అదే కప్పు రుచి చూసి ముఖం నిమ్మకాయ కొరికినట్టు పెట్టాడు. ‘కొంచెం పచ్చిగా లేదూ, మేడం?’ అన్నాడు. ‘నీ నోరు ఇంకా పాలు మరవలేదు’ అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాడు నవ్వలేదు. పెన్సిలుతో తన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. రాసుకోనీ.

ఆ కప్పు నీదైతే బాగుండునని ఒక్క నిమిషం అనుకున్నాను. నియమం ప్రకారం అది కూడా అనుకోకూడదు.

అత్త


ఆగస్టు 9

అత్తయ్యగారికి,

ఆ కప్పు నాదే. మీ రిపోర్టు వచ్చింది. ‘చురుకు. ప్రాణం ఉన్న టీ. పై గ్రేడు.’ యజమాని దాన్ని మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మేస్త్రీకి మిఠాయి తెప్పించాను.

మొన్న వేలంలో మీరు కట్టిన ధర చదివితే హాలులో ఒక్క చెయ్యి కూడా లేవలేదట. ధర తగ్గించి మళ్ళీ చదివారు. అప్పుడూ లేవలేదు. లాటు వెనక్కి వచ్చింది. మా దగ్గర ఏళ్ళ తరబడి కొనే వ్యాపారి యజమానికి ఫోను చేసి, ‘చెట్టు బెరడు నమిలినట్టుంది, ఇది పై గ్రేడు ఎలా అయింది’ అని అడిగాడు. నేను అక్కడే ఉన్నాను. ఆయన నా వైపు చూడకుండా, ‘వాళ్ళ అత్తగారు కట్టారండీ’ అన్నాడు. అది విని అవతలాయన నవ్వాడు. ఫోనులోంచి నాకు వినపడింది.

ఈ నెలాఖరుకి ఇంజనీరు తిరిగి వస్తున్నాడు. నాకు జల్లెడ గది చూసుకోమని చెప్పారు.

ఇంకొకటి. మీరు కళ్ళజోడు అనే ఆయన తోటలు చూడడానికి తిరుగుతూ మా ఫ్యాక్టరీకి వచ్చాడు. గోదాములో ఉన్న నా మొదటి లాటు కాచి ఇమ్మన్నాడు. తాగి, మళ్ళీ పోయించుకుని తాగాడు. ఇది చప్ప అని ఎవరన్నారు అన్నాడు. నేను చెప్పలేదు. ఆయనకి తెలుసనుకుంటాను, ఎందుకంటే వెంటనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

రెండిట్లో ఒకటే నిజం కావాలి. మీరు నన్ను ఆటపట్టించైనా ఉండాలి, మీకు ఒంట్లో బాగాలేకైనా ఉండాలి. మీరు అలాంటివారు కాదని తెలుసు కాబట్టి రెండోదే అనుకుంటున్నాను. ఒంట్లో బాగాలేనప్పుడు ఇంకొకరి బతుకు మీద సంతకం పెట్టడం మీరు నాకు నేర్పలేదు.

మీ మేనకోడలు


ఆగస్టు 13

నన్ను ‘మీరు’ అన్నావు. పుట్టిన తరువాత ఇదే మొదటిసారి. గమనించాను.

కళ్ళజోడు నీ గోదాము దాకా వచ్చాడంటే నా కుర్చీ కోసం ఎంత దూరమైనా నడుస్తాడని తెలిసింది. వాడి మాట నీకు రుచించింది. సరే. ఇకమీదట నీ టీ గురించి వాణ్ణే అడుగు. ఈ విషయంలో నాకు మరి రాయవద్దు.

అత్త


ఆగస్టు 20

అత్తయ్యా,

రాయవద్దన్నావు గనకే రాస్తున్నాను. పేచీ అని పేరు పెట్టింది నువ్వే.

‘మీరు’ అన్నందుకు తప్పయిపోయింది. మిగతా దాంట్లో ఏదీ వెనక్కి తీసుకోను. కానీ పోట్లాడే ఓపిక కూడా లేదు. సామాను సర్దుతున్నాను. ఇంజనీరుకి ఈ ఇల్లు కూడా కావాలట. ఒక పెట్టె నింపుతాను, అందులోంచి ఏదో కావాలని మళ్ళీ అంతా తీస్తాను. గంటకోసారి డ్రయ్యరు దగ్గరకి వెళ్ళి వస్తున్నాను. అక్కడ ఇప్పుడు నాకేం పని లేదు.

నాలుగు రోజుల కింద ఈ గాభరాలోనే ఒక తెలివితక్కువ పని చేశాను. చివరిసారి కదా, ఆరోజు చేసిన టీ ఎలా ఉందో చూద్దామని కెటిల్లోంచి వంచుకుని, చల్లారేదాకా ఆగలేక, నీలాగే జుర్రున పీల్చాను. అంగిలి కాలిపోయింది. పైనంతా పొర లేచి మొద్దుబారిపోయింది. ఇక చూడు, ఏ టీ తాగినా చప్ప. ఉప్పు తెలుస్తోంది, తీపి తెలుస్తోంది, వేడి తెలుస్తోంది, టీ మాత్రం తెలియడం లేదు. చిత్రమేమిటంటే, ఎవరికీ నచ్చని ఆ రెండో లాటు తాగితే, అదొక్కటే బాగుంది అత్తా. అదొక్కటే గిల్లింది. మేస్త్రీతో అంటే పడీ పడీ నవ్వాడు. ‘అంగిలి మీద తోలు లేనివాళ్ళకే ఆ టీ అమ్మాలమ్మా’ అన్నాడు.

ఇప్పుడు మళ్ళీ మామూలుగా అయింది. ఆ రెండోది మళ్ళీ బెరడే.

సామాను నాన్న ఇంటికి పంపిస్తున్నాను. నువ్వు మందులు వేళకి వేసుకో.

నీ పేచీ


ఆగస్టు 25

పేచీ,

సామాను విప్పు. కారణం చెబుతాను. ఈ ఉత్తరం రాయడానికి కూర్చుని ఇది మూడోసారి లేవడం. వాక్యాలు ఎక్కడైనా అతకకపోతే క్షమించు.

మంచం పక్కన గ్లాసులో ఉన్నది మందు కాదు. నా పళ్ళు. ఏప్రిల్ చివర పై వరుస మొత్తం తీయించుకుని కట్టుడుపళ్ళు పెట్టించుకున్నాను. కళ్ళ పరీక్ష అని చెప్పి సెలవు పెట్టాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కనపడలేదు అని రాయబోయి ఆగాను; సిగ్గుపడ్డాను అన్నదే నిజం. ఫోను వద్దన్నది కూడా అందుకే, ‘స’ అనబోతే ఈల వచ్చేది.

కట్టుడుపళ్ళు అంటే పళ్ళు మాత్రమే అనుకుంటారు. పై వరుస నిలవడానికి అంగిలినంతా కప్పుతూ ఒక పలక ఉంటుంది. పెట్టించుకున్న రోజునే నన్ను నేను పరీక్షించుకున్నాను. ఉప్పు ఉప్పుగా ఉంది, పంచదార తీయగా ఉంది. నాలుక నాలుకలాగే ఉంది కదా అని ఆఫీసుకు వెళ్ళిపోయాను. టీ చురుకు నాలుకకు తెలిసేది కాదనీ, అది అంగిలిని గిల్లితేనే తెలుస్తుందనీ ఇంతమందికి పాఠం చెప్పిన నేను, నా అంగిలికి పైకప్పు వేయించుకుని, దాని కింద నిలబడి, ఈ ఏడు వాన కురవలేదని ఊరందరితో పోట్లాడాను.

నీ ఉత్తరంలో ‘అదొక్కటే గిల్లింది’ అన్న మాట దగ్గర కాగితం చేతిలో ఉండగానే లేచి నిలబడ్డాను. తిరిగాను. మెట్లు దిగి వీధిలోకి వెళ్ళాను, చెక్కపలక దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఇంట్లోనే పళ్ళు తీసి ఒక టీ కాచుకుని చూస్తే తేలిపోయేది. కాచుకోలేదు. ఒంటరిగా తెలుసుకుంటే ఎవరికీ చెప్పకుండా ఉండిపోతానేమోనని భయం వేసింది. నన్ను నేను ఎరుగుదును.

మర్నాడు ఆఫీసులో, వెనక్కి వచ్చిన లాట్లవీ, అమ్మకుండా ఆపిన లాట్లవీ, దాచి ఉంచిన శాంపిళ్ళన్నీ బల్ల మీద పెట్టమన్నాను. నంబర్లు కప్పించాను. డైరెక్టరును పిలిచాను. ముందు మామూలుగానే వరుసంతా రుచి చూశాను. అన్నీ చప్ప, చివరికి దగ్గర ఒకటి బాగుంది. ‘ఇది నేను ఈ సీజను మొదటి నుంచీ చూసిన రుచి, రాసుకోండి’ అన్నాను.

అప్పుడు రుమాలు తీసి, అటు తిరగకుండానే, నా పై వరుస పళ్ళు తీసి అందులో పెట్టాను.

డైరెక్టరు కిటికీలోకి చూశాడు. మిగిలినవాళ్ళు కప్పుల్లోకి చూశారు. కళ్ళజోడు మాత్రం ఒక శుభ్రమైన ఖాళీ కప్పు తీసి, మాట్లాడకుండా నా ముందు పెట్టాడు. పళ్ళు రుమాలుతో సహా అందులో పెట్టాను. వాడు అద్దాలు తుడుచుకోలేదు. నా ముఖంలోకి సూటిగా చూసి, పెన్సిలు తీసి, ‘చెప్పండి’ అన్నాడు.

మొదటి కప్పు పీల్చగానే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ గిల్లుడు. నాలుగు నెలలు పరాయి ఊళ్ళో ఉండి ఇంటి తలుపు తీసినట్టు. ఈ ఏడు తోటలన్నీ ఒళ్ళు వంచి పనిచేశాయి పేచీ. చప్పబడినది నేనొక్కదాన్నే.

చివరికి దగ్గర ఉన్న ఆ కప్పు, నేను పై గ్రేడు కట్టినది, నోట్లో పడగానే ముఖం దానంతట అదే నిమ్మకాయ కొరికినట్టయింది. కళ్ళజోడు అది చూసి పెదవి బిగబట్టుకున్నాడు. ‘నవ్వుకో’ అన్నాను. పళ్ళు లేకుండా అన్నాను, ఎలా వినపడిందో. అందరూ నవ్వారు. డైరెక్టరు కూడా కిటికీ వదిలి ఇటు తిరిగాడు.

వరుస మధ్యలో ఒక కప్పు ఉంది. రాగి రంగు, గిన్నె అంచున పలచగా బంగారపు గీత. గిల్లింది, గిల్లి వదిలేసింది, వదిలేశాక వాసన మిగిలింది. ఆకును భయపెట్టకుండా, బతిమాలి చేయించిన టీ అది. ‘పై గ్రేడు, ఈ వరుసలో మొదటిది’ అన్నాను. నంబరు మీద కాగితం తీశారు. నీ మొదటి లాటు. కళ్ళజోడు తన కాగితం తెచ్చి చూపించాడు. జూన్‌లో వాడు రాసుకున్నది కూడా అదే.

‘అప్పుడు నోరు విప్పి ఎందుకు చెప్పలేదు?’ అని అడిగాను.

‘మీరు చప్ప అంటే నా నోరే చెడిందేమో అనుకున్నాను మేడం,’ అన్నాడు. ‘ఆ తోటకి వెళ్ళి తాగి చూసేదాకా నన్ను నేను నమ్మలేదు.’

నా కుర్చీ కోసం నడిచాడనుకున్న దూరమంతా వాడు నా మాట నిజమేనని తేల్చుకోవడానికి నడిచాడు.

నేను తప్పు కట్టిన ప్రతి లాటు తాలూకు ఫ్యాక్టరీకీ నా సంతకంతో ఉత్తరం పోతుంది. కారణం అందులో ఉంటుంది, కళ్ళ పరీక్ష అని ఉండదు. మీ యజమానికి మొదటిది ఈ ఉత్తరంతోపాటే వేశాను. నీ మొదటి లాటు వచ్చే వేలంలో పెట్టమని రాశాను. రెండో లాటు తప్పు నీది కాదనీ, ఒక ముసలిదాని మాట విని తన నోటిని కాదనుకున్నందుకు అయ్యే నష్టం ఆ ముసలిదానిదనీ కూడా రాశాను.

పళ్ళు తీసి రుచి చూడనిస్తే వస్తాననీ, అది కంపెనీ మర్యాదకు లోపమైతే రాననీ డైరెక్టరుతో చెప్పాను. ఆలోచించి చెబుతానన్నాడు. ఇంటికి వచ్చాను. ఇంకా తిరుగుతూనే ఉన్నాను.

నీ నోటిని నమ్ము. మందులు వేళకు వేసుకోమన్నావు, లేవు.

అత్త


సెప్టెంబరు 7

అత్తయ్యా,

అమ్ముడైంది. నువ్వు కట్టిన ధర దాటి అమ్ముడైంది. బెరడు అన్నాయనే కొన్నాడు. హాలులో ఆయనకీ ఇంకొకాయనకీ పోటీ పడిందట, యజమాని ఫోను పట్టుకుని నాకు ఒక్కొక్క అంకె చెబుతుంటే నేను గేటుకీ గదికీ మధ్య తిరిగాను.

నీ ఉత్తరం ఆయన నాకు చదివి వినిపించాడు. పళ్ళ దగ్గరకి వచ్చేసరికి గొంతు సవరించుకుని, ‘మా ఇంజనీరు తన తప్పు ఎప్పుడూ ఇలా రాసి ఇవ్వలేదమ్మా’ అన్నాడు. ఇంజనీరుని రావద్దని కబురు పంపాడు. వచ్చే సీజను కూడా నాదే.

నాన్నకి గ్లాసు సంగతి చెప్పాను. ‘నాకూ కింద వరుస కట్టుడే, మీ అమ్మకి తప్ప ఎవరికీ తెలియదు’ అన్నాడు. మీ ఇంటి జబ్బు ఇంకొకటి బయటపడింది.

డైరెక్టరు ఏమన్నాడు? తూర్పు కిటికీ గది ఎవరికీ అద్దెకి ఇవ్వలేదు. జాలిపడి అడగడం లేదు. నా పక్కన నిలబడి పళ్ళాల వాసన చూసేవాళ్ళు కావాలి.

నీ పేచీ


సెప్టెంబరు 14

పేచీకి ఆశీస్సులు.

డైరెక్టరు రావచ్చన్నాడు. అయితే బల్ల మొదట్లో ఉన్న కుర్చీ ఇప్పుడు కళ్ళజోడుది. ఆ మాట ఆయన అనకముందే నేను అన్నాను, కాబట్టి నన్ను ఎవరూ లేపలేదు. నాది పక్క కుర్చీ. నేను రుచి చూసి చెబుతాను, వాడూ చెబుతాడు, ఇద్దరి మాటా రాస్తారు. తేడా వస్తే మళ్ళీ కాస్తారు. నిన్న రెండుసార్లు తేడా వచ్చింది; ఒకసారి వాడు సరి, ఒకసారి నేను. పక్క కుర్చీలో నుంచి బల్ల చాలా పొడుగ్గా కనపడుతోంది. అలవాటు కావాలి.

మీ నాన్న కింది వరుస సంగతి నాకు ముందే తెలుసు. వేరుశనగలు తినే తీరు చూసి కనిపెట్టాను. వాడికి చెప్పకు.

వీధి పూడ్చారు. చెక్కపలక తీసేశారు. ఇన్నాళ్ళూ విసుక్కున్నానా, ఇప్పుడు అది లేకపోతే అడుగు తడబడుతోంది.

నెలాఖరుకు నాకు వారం రోజులు సెలవు ఉంది. వస్తాను. ఉండిపోవడానికి కాదు, పళ్ళాల వాసన చూడడానికి. అన్నం కొంచెం మెత్తగా వండించు. తూర్పు కిటికీ గదిలో మంచం పక్కన ఒక గ్లాసు పెట్టించు. గాజుది.

మూత అక్కర్లేదు.

అత్త